చిట్టి రైలుకు కొత్త కూత
బొమ్మ ఇంజన్లకు డిజిటల్ నియంత్రణ, శబ్దం అమర్చుకునే విధానం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: సూర్యాపేటలో రైల్వే స్టేషన్ లేదు. కోదాడలోనూ లేదు. 65వ నంబరు జాతీయ రహదారిపై బస్సుల రొద తప్ప రైలు కూత వినపడని పట్టణాలివి. రైలెక్కాలంటే మిర్యాలగూడకో, నల్లగొండకో, ఖమ్మానికో వెళ్లవలసిందే. బొమ్మ రైలుకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. అమెరికాలోనో, ఇంగ్లండులోనో స్థిరపడినవారు సెలవులకు వస్తూ మేనల్లుడికో, అన్న కొడుక్కో తెచ్చే కానుకల్లో నిజం రైలులా కూత వేసే చిన్న ఇంజన్లు కూడా ఉంటున్నాయి. కీ ఇచ్చి వదిలితే గుండ్రంగా తిరిగే పాత తిరునాళ్ల బొమ్మలు కావవి. లోపల చిన్న కంప్యూటరు ఉంటుంది. శబ్దం కూడా చేసే ఆ చిప్పు ఒక్కటే వంద డాలర్లు దాటుతుంది. తెలియక చేసిన ఒక్క తప్పుతో అది క్షణంలో మాడిపోతుంది. ఒకసారి మాడిన దానిని మన ఊళ్లో బాగుచేసేవారు దొరకడం కష్టం. అందుకే ఈ విద్య ఏమిటో, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుసుకోవడం అవసరం.

ముందు అడాప్టరు చూడండి

పెట్టె విప్పగానే చేయవలసిన మొదటి పని పట్టాలు పరచడం కాదు, కరెంటు అడాప్టరుపై ముద్రించిన అక్షరాలు చదవడం. అమెరికాలో ఇళ్లకు వచ్చే విద్యుత్తు 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనకు వచ్చేది 230 వోల్టులు, 50 సైకిళ్లు. అడాప్టరుపై ‘ఇన్‌పుట్ 100-240’ అని ఉంటే భయం లేదు. పిన్నుల ఆకారం మార్చే చిన్న ప్లగ్గు ఒక్కటి చాలు. ‘120’ అని మాత్రమే ఉంటే దానిని మన గోడ సాకెట్లో పెట్టరాదు. పిన్నులు మార్చే ప్లగ్గు వోల్టేజీని మార్చదన్న సంగతి చాలామంది గమనించరు. రెట్టింపుకు దగ్గరగా వచ్చిపడే కరెంటుకు లోపలి ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కి కాలిపోతుంది. పిల్లలు ఆడుకునే చోట ఇది నిప్పుతో సమానం. దీనికి రెండు మార్గాలున్నాయి. 230 వోల్టులను తగ్గించి ఇచ్చే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కోవచ్చు. లేదా అదే అవుట్‌పుట్ వోల్టేజీ, తగినన్ని ఆంపియర్లు ఇచ్చే అడాప్టరును ఇక్కడే కొనవచ్చు. అవుట్‌పుట్ ఏసీయా, డీసీయా అన్నది కూడా సరిపోలాలి. ఇంగ్లండు నుంచి వచ్చిన వాటికి వోల్టేజీ తేడా లేదు, ప్లగ్గు ఆకారమే వేరు.

ఒకే పట్టా, ఒకే కరెంటు

పాత పద్ధతి చాలా సులువైనది. రెండు పట్టాలకూ డీసీ కరెంటు ఇస్తారు. సున్నా నుంచి 12 వోల్టుల దాకా పెంచుతూ పోతే ఇంజను వేగం పెరుగుతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే వెనక్కి నడుస్తుంది. అయితే పట్టాలపై రెండు ఇంజన్లు పెడితే రెండూ ఒకేసారి కదులుతాయి, ఒకేసారి ఆగుతాయి. ఒకటి స్టేషన్‌లో నిలిచి ఉండగా మరొకటి దాటిపోవాలంటే పట్టాలను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో స్విచ్చి పెట్టాలి. ఇంజను ఆగితే దాని దీపమూ ఆరిపోతుంది. ఇక శబ్దం సంగతి చెప్పనక్కరలేదు.

డిజిటల్ పద్ధతిలో పట్టాలపై ఎప్పుడూ నిండు వోల్టేజీ ఉంటుంది. చిన్న సైజు రైళ్లకు ఇది సుమారు 14 నుంచి 16 వోల్టులు. ఈ కరెంటులోనే ఆజ్ఞలు కూడా ప్రయాణిస్తాయి. ప్రతి ఇంజనులో ఉండే డీకోడరు తనకు వచ్చిన ఆజ్ఞను విని, మోటారుకు ఎంత కరెంటు వదలాలో తానే నిర్ణయిస్తుంది. పట్టాల మీద పది ఇంజన్లున్నా దేని దారి దానిదే.

దండోరా లాంటి పద్ధతి

ఊళ్లో దండోరా వేస్తే అందరూ వింటారు, పేరు పిలిచినవాడే ముందుకు వస్తాడు. ఇదీ అంతే. కరెంటు దిశ సెకనుకు వేలసార్లు అటూ ఇటూ మారుతుంటుంది. ఆ మార్పులో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది ‘ఒకటి’. 100 మైక్రోసెకన్లు లేదా అంతకు ఎక్కువ ఉంటే అది ‘సున్నా’. కనీసం 14 ఒకట్లు వరుసగా వస్తే డీకోడరు చెవి నిక్కిస్తుంది. తరువాత ఇంజను నంబరు, ఆ వెనుక చేయవలసిన పని, చివర లెక్క సరిచూసే బైటు వస్తాయి. లెక్క కుదరకపోతే డీకోడరు ఆ మాటను వదిలేస్తుంది. పట్టాపై దుమ్ము వల్ల ఒక మాట వినపడకపోయినా నష్టం లేకుండా కంట్రోలు పెట్టె అదే ఆజ్ఞను మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది.

జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ 1980లలో ఈ పద్ధతికి రూపమిచ్చింది. 1935లో ఏర్పడిన అమెరికా జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘం 1990ల తొలి భాగంలో దానిని ప్రమాణంగా స్వీకరించింది. డీసీసీ అన్న పేరు అక్కడిదే. దీనివల్ల కలిగిన మేలు పెద్దది. ఒక కంపెనీ కంట్రోలు పెట్టెతో మరో కంపెనీ డీకోడరు పనిచేస్తుంది. డిజిట్రాక్స్, ఎన్‌సీఈ, జిమో, ఈఎస్‌యూ, సౌండ్‌ట్రాక్స్ వంటి కంపెనీలు ఏవైనా ఒకే భాష మాట్లాడతాయి. చార్జరుకో పిన్ను చొప్పున పెట్టి జనాన్ని ఏడిపించిన సెల్‌ఫోన్ కంపెనీలకు ఈ బుద్ధి ఎంత ఆలస్యంగా వచ్చిందో మనకు తెలిసిందే.

పెద్ద రైళ్లకూ ఇలాంటి ఆలోచనే వచ్చింది. ఆర్‌డీఎస్‌ఓ రూపొందించిన ‘కవచ్’ను రైల్వే శాఖ 2020లో జాతీయ రక్షణ వ్యవస్థగా ఎంచుకుంది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజనులో ఉండగా దానిని పరీక్షించి చూపారు. అందులో ఆజ్ఞలు రేడియో ద్వారా, పట్టాల మధ్య అమర్చిన ట్యాగుల ద్వారా ఇంజనుకు చేరతాయి. డ్రైవరు బ్రేకు వేయకపోతే యంత్రమే వేస్తుంది. బొమ్మ రైలులో ప్రాణాపాయం లేదు కనుక పట్టాలే తీగలుగా సరిపోతాయి.

డీకోడరు అమర్చడం ఎలా

పెట్టెపై ‘డీసీసీ ఆన్‌బోర్డ్’ అని ఉంటే లోపల డీకోడరు ఉన్నట్టే. ‘డీసీసీ రెడీ’ అంటే అది లేదని, బిగించడానికి సాకెట్టు మాత్రమే ఉందని అర్థం. ఈ రెండు మాటల తేడా తెలియక కొని తెచ్చి, శబ్దం రావడం లేదని పెట్టె తిప్పి తిప్పి చూసేవారున్నారు. సాకెట్లలో 8 పిన్నులవి, 21 పిన్నులవి, ఇంకా చిన్నవి ఉన్నాయి. ఇంజనులో ఏది ఉందో చూసుకుని దానికి తగిన డీకోడరే తీసుకోవాలి. సాకెట్టు ఉంటే పని పావుగంటలో అయిపోతుంది.

సాకెట్టు లేని పాత ఇంజనుకైతే తీగలు అతకాలి. రంగులు అన్ని కంపెనీలకూ ఒకటే. ఎరుపు కుడి పట్టా నుంచి, నలుపు ఎడమ పట్టా నుంచి కరెంటు తెస్తాయి. నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు వెళతాయి. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి, నీలం ఈ దీపాలన్నింటికీ ఉమ్మడి ప్లస్.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. పాత ఇంజన్లలో మోటారు ఒక కొస ఇంజను ఇనుప చట్రానికే తగిలి ఉంటుంది. చట్రం పట్టాకు తగులుతుంది. దానిని విడదీయకుండా డీకోడరు కలిపితే పట్టాల కరెంటు మోటారు తీగల గుండా వెనుక నుంచి డీకోడరులోకి దూరుతుంది. పొగ, వాసన, అంతే. మోటారు రెండు కొసలకూ, రెండు పట్టాలకూ మధ్య ఎక్కడా సంబంధం లేదని మల్టీమీటరుతో పరీక్షించిన తరువాతే నారింజ, బూడిద తీగలు అతకాలి. మోటారును చేత్తో తిరగనీయకుండా పట్టుకుని, 12 వోల్టులు ఇచ్చి, అది ఎంత కరెంటు లాగుతుందో కూడా ఒక్క క్షణం చూడాలి. అది డీకోడరు సామర్థ్యాన్ని దాటితే ఆ డీకోడరు దానికి పనికిరాదు. సాధారణ సైజు డీకోడర్లు ఒక ఆంపియరు వరకు మోస్తాయి.

అమర్చిన వెంటనే ఇంజనును పెద్ద పట్టాలపై పెట్టకూడదు. కంట్రోలు పెట్టెలో ‘ప్రోగ్రామింగ్ ట్రాక్’ అని వేరే రెండు తీగలుంటాయి. వాటిలో కరెంటు కొద్దిగానే వస్తుంది. తీగలు తప్పుగా కలిపి ఉన్నా చాలావరకు డీకోడరు బతుకుతుంది. ప్రశ్న అడిగితే డీకోడరు జవాబిచ్చే తీరు ముచ్చటగా ఉంటుంది. అది మోటారును ఒక్క లిప్తపాటు కదిలిస్తుంది. ఆ కదలికకు 6 మిల్లీసెకన్లపాటు పెరిగిన 60 మిల్లీఆంపియర్ల కరెంటే ‘అవును’ అన్న సమాధానం.

నంబరు పెట్టడం

కొత్త డీకోడరు ఏదైనా 3వ నంబరుతోనే వస్తుంది. రెండు కొత్త ఇంజన్లు పట్టాలపై పెట్టి, రెండూ ఒకేసారి కదులుతున్నాయని కంగారు పడవద్దు. రెండింటి పేరూ ఒకటే అయింది, అంతే. డీకోడరులో సీవీలు అనే గళ్లుంటాయి. ఒకటో గడిలో చిన్న నంబరు, మూడో గడిలో వేగం అందుకునే తీరు, నాలుగో గడిలో ఆగే తీరు రాస్తారు. మూడు, నాలుగు గళ్లలో విలువ పెంచితే ఇంజను నిజం రైలులా నెమ్మదిగా కదిలి, నెమ్మదిగా ఆగుతుంది. ఏదో మార్చి ఏదో అయిపోయిందనుకుంటే చాలా డీకోడర్లలో ఎనిమిదో గడిలో 8 అని రాస్తే అన్నీ మొదటికి వస్తాయి.

పెద్ద నంబరు 10,239 వరకే పెట్టగలం. మన రైల్వే ఇంజన్ల నంబర్లు ఐదంకెలవి, వాటిలో ఎక్కువ భాగం ఈ హద్దు దాటుతాయి. అందువల్ల చివరి నాలుగంకెలు పెట్టుకోవడం తేలిక. ఉదాహరణకు 4025 కావాలంటే 17వ గడిలో 207, 18వ గడిలో 185 రాయాలి. 29వ గడిలో పెద్ద నంబరు వాడుతున్నట్టు గుర్తు పెట్టాలి. మంచి కంట్రోలు పెట్టెలు ఈ లెక్క తామే వేసుకుంటాయి.

ఆ 29వ గడిలో మనవారు ప్రత్యేకంగా చూడవలసినది మరొకటి ఉంది. డీకోడరు పాత డీసీ పట్టాలపై కూడా నడిచేలా కంపెనీలు అనుమతి ఇచ్చి పంపుతాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు డీకోడరు ఒక్కోసారి పొరబడి, ఇది డీసీ పట్టా అనుకుని ఇంజనును నిండు వేగంతో పరుగెత్తిస్తుంది. బల్ల మీది నుంచి కిందపడితే అంతే సంగతులు. వేసవిలో మన ఊళ్లలో కరెంటు వచ్చిపోయే తీరు చెప్పనక్కరలేదు. 29వ గడిలో 6 ఉంటే 2గా, 38 ఉంటే 34గా మారిస్తే ఆ అనుమతి రద్దవుతుంది. పరుగు సమస్య తీరుతుంది.

అమెరికా శబ్దం, మన ఇంజను

శబ్ద డీకోడరులో నిజం ఇంజన్ల నుంచి రికార్డు చేసిన ధ్వనులు దాచి ఉంటాయి. నిలిచి ఉన్నప్పటి గురక, ఒక్కో నాచ్ పెంచినప్పుడు పెరిగే గర్జన, బ్రేకు కీచు, కూత అన్నీ వేర్వేరు ముక్కలు. నిజం డీజిల్ ఇంజనులో ఎనిమిది నాచ్‌లుంటాయి. బొమ్మలోనూ అలాగే ఒక దానిలోంచి మరొకదానిలోకి శబ్దం మారుతుంది. డీకోడరు మధ్యమధ్య లిప్తపాటు మోటారుకు కరెంటు ఆపి, తిరుగుతున్న మోటారు తానే పుట్టించే వోల్టేజీని కొలుస్తుంది. దానివల్ల ఎత్తు ఎక్కేటప్పుడు కూడా వేగం తగ్గకుండా చూస్తుంది. మంచి డీకోడర్లు ఆ కొలతతోనే బరువు పెరిగిందని గ్రహించి గర్జన పెంచుతాయి.

మన ఇంజన్ల శబ్దం కావాలనుకునేవారు పెట్టె మీద భారతదేశం పేరు వెతకనక్కరలేదు. దశాబ్దాలపాటు మన పట్టాలపై తిరిగిన డబ్ల్యూడీఎం-2 ఇంజనులో ఉన్నది అమెరికాకు చెందిన ఆల్కో 251 రకం, 16 సిలిండర్ల డీజిల్ యంత్రం. డబ్ల్యూడీపీ-4, డబ్ల్యూడీజీ-4 ఇంజన్లలో ఉన్నది ఈఎండీ 710. ఈ రెండింటి శబ్దాలూ అమెరికా డీకోడర్లలో దొరుకుతాయి. గర్జన వరకు అచ్చం మనదే. కూత దగ్గరే తేడా. అమెరికా ఇంజనుకు గంట ఉంటుంది, మన వాటికి లేదు. కనుక చాలా డీకోడర్లలో గంట మోగించే ఎఫ్1 మీటను ముట్టుకోకపోవడమే మేలు. ఎఫ్2 కూత. అందులో పది పన్నెండు రకాలుంటే రెండు స్వరాలు కలిసిన దానిని ఎంచుకుంటే మన కూతకు దగ్గరగా ఉంటుంది. ఇక గేటు దగ్గర అమెరికా డ్రైవరు రెండు దీర్ఘాలు, ఒక హ్రస్వం, ఒక దీర్ఘం కూస్తాడు. మన డ్రైవరు ఆపకుండా కూస్తాడు. తేడా తెలిసిన చెవికి అది ఇట్టే పట్టుబడుతుంది.

నారాయణాద్రి, ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు మిర్యాలగూడ మీదుగా ఇప్పుడు విద్యుత్ తీగల కిందే వెళుతున్నాయి. వాటిని లాగే డబ్ల్యూఏపీ-7 వంటి ఇంజన్లు 1990లలో ఏబీబీ సంస్థ నుంచి వచ్చిన పరిజ్ఞానంతో పుట్టినవి. బయలుదేరేటప్పుడు మెట్లు మెట్లుగా లేచే ఆ సన్నని రాగం అదే కాలపు ఐరోపా ఇంజన్ల శబ్ద ఫైళ్లలో దొరుకుతుంది.

స్పీకరు గురించి ఒక మాట. చిన్న స్పీకరును ఊరికే తగిలిస్తే దోమ రొదలా వినిపిస్తుంది. ముందు నుంచి వచ్చే ధ్వనినీ, వెనుక నుంచి వచ్చే ధ్వనినీ ఒకదానితో ఒకటి కలవనిస్తే రెండూ కొట్టుకుపోతాయి. వెనుక భాగాన్ని చిన్న డబ్బాతో గాలి చొరబడకుండా మూసివేయాలి. సెల్‌ఫోన్లలో వాడే గడి ఆకారపు స్పీకర్లు డబ్బాతో సహా ఇంజనులో ఇముడుతాయి. డీకోడరు ఎన్ని ఓమ్‌ల స్పీకరు అడుగుతుందో చూసుకోవాలి. ఎక్కువ భాగం 8 ఓమ్‌లతో నడుస్తాయి. కంపెనీ పెట్టి పంపే ధ్వని స్థాయి మన గదులకు మరీ ఎక్కువ. ఈఎస్‌యూ డీకోడరైతే 63వ గడిలో విలువ సగానికి తగ్గిస్తే ఇంట్లోవారితో గొడవ ఉండదు.

రూపాయి బిళ్ల పరీక్ష

పట్టాలు పరిచాక రెండు పట్టాలకూ అడ్డంగా రూపాయి బిళ్ల పెట్టండి. బిళ్ల అడ్డం 20 మిల్లీమీటర్లు, హెచ్‌ఓ సైజు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. బిళ్ల తగలగానే కంట్రోలు పెట్టె కరెంటు ఆపివేయాలి. పట్టాల పొడవునా అక్కడక్కడా ఇదే చేయాలి. ఎక్కడైనా ఆపకపోతే అక్కడి వరకు వచ్చే తీగ సన్నగా ఉన్నదని అర్థం. 15 వోల్టులు, 5 ఆంపియర్లు అంటే 75 వాట్లు. రేడియో మెకానిక్ వాడే సోల్డరింగ్ ఇనుము 25 వాట్లే. అంతకు మూడింతల వేడి ఒక చక్రం దగ్గర చేరితే ప్లాస్టిక్ కరిగిపోతుంది. పట్టాల కింద ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రెండు వరుసలు వేసి, రెండేసి మీటర్లకు ఒకచోట పట్టాలకు కలిపితే ఈ సమస్య రాదు.

శబ్దం తెగి తెగి వస్తుంటే మొదట పట్టాలు చూడాలి. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊక ధూళి, మేళ్లచెరువు వైపు సిమెంటు దుమ్ము ఇంట్లోకి రాకమానవు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు. ఇసుక కాగితంతో రుద్దితే గీతలు పడి మరింత మురికి పడుతుంది.

కొలతలో రాజీ తప్పదు. హెచ్‌ఓ అంటే 87లో ఒక వంతు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు కనుక లెక్క ప్రకారం పట్టాల వెడల్పు 19 మిల్లీమీటర్లు దాటాలి. దొరికేవి 16.5 మిల్లీమీటర్లవే. డబ్ల్యూఏపీ-7 ఇంజను ఈ లెక్కన సుమారు 24 సెంటీమీటర్లు. 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ కావాలంటే ఆరు మీటర్లకు పైగా స్థలం కావాలి. ఐదారు పెట్టెలతో సరిపెట్టుకోవడమే అందరూ చేసే పని. దేశీయంగా దొరికే సెంటీ టాయ్స్ ఇంజను బొమ్మల పైకప్పు తీసి, విదేశీ మోటారు చట్రంపై బిగించి నడుపుకునే అభిమానులు కూడా ఉన్నారు.

విద్యార్థులకు చౌక దారి

విదేశీ కంట్రోలు పెట్టె కొనడానికి డబ్బు చాలదనుకునే పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులకు మరో దారి ఉంది. డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఆర్డుయినో మెగా బోర్డులో ఎక్కించి, దానిపై మోటారు షీల్డు బిగిస్తే కంట్రోలు పెట్టె తయారవుతుంది. ఈ బోర్డులు హైదరాబాద్ కోఠిలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో దొరుకుతాయి. వైఫై భాగం కూడా కలిపితే ‘ఇంజన్ డ్రైవర్’ అనే ఉచిత యాప్‌తో ఆండ్రాయిడ్ ఫోనే డ్రైవరు మీట అవుతుంది. కంప్యూటరులో జేఎంఆర్‌ఐ అనే ఉచిత కార్యక్రమం ఉంటే సీవీ గళ్ల అంకెలు బట్టీ పట్టనక్కరలేదు, పేర్లతోనే కనిపిస్తాయి. ఇంజను, డీకోడరు మాత్రం కొనక తప్పదు. మొదట శబ్దం లేని డీకోడరుతో పని నేర్చుకుని, చేయి తిరిగాక శబ్దానిది కొనడం వివేకం. అతికే పని తొలి ప్రయత్నంలో కుదిరేది కాదు.

ఈ సాఫ్ట్‌వేరులోనే ఇంజన్లను వాటంతటవే నడిపించే ఏర్పాటు ఉంది. పట్టా పక్కన పరారుణ సెన్సరు ఒకటి పెట్టి, ఇంజను దాని ముందుకు రాగానే ఎఫ్2 మోగాలని రెండు మూడు వరుసలు రాస్తే చాలు. కవచ్ పెద్ద రైలులో గేటు రాగానే తానే కూత వేయించినట్లే చిట్టి రైలూ కూస్తుంది. నిజం పట్టాల పక్కన గేటుకు 600 మీటర్ల ముందు డబ్ల్యూ/ఎల్ అని రాసిన పసుపు పలక ఉంటుంది. 87వ వంతు లెక్క వేస్తే అది గేటుకు దాదాపు ఏడు మీటర్ల దూరంలో, అంటే చాలా ఇళ్లలో గది గోడ అవతల పడుతుంది. సెన్సరును గేటుకు ఒక మీటరు ముందు అమర్చితే సరిపోతుంది.